సోలార్ ఇంటికి ఏడాది లెక్క కావాలి

మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలిలో డాబాల మీద కాలు పెట్టలేం. ఆ ఎండనే కరెంటుగా మార్చుకున్న ఇంటికీ వేసవిలో బిల్లు వస్తే, సోలార్ పలకలు పనిచేస్తున్నాయా అన్న అనుమానం మొదలవుతుంది.

అది తీరాలంటే పన్నెండు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టాలి. 3 కిలోవాట్ల పలకలు నెలకు సుమారు 360 యూనిట్లు ఇస్తాయి. పగటి వాడకం పోగా మిగిలింది గ్రిడ్‌కు వెళ్తుంది. రాత్రి ఏసీకి కరెంటు గ్రిడ్ నుంచే వస్తుంది. నెట్ మీటర్ చూపేది ఈ రాకపోకలనే. ఉదాహరణకు జనవరిలో 220 యూనిట్లు పంపి 140 తీసుకుంటే 80 జమ. మేలో 200 పంపి 310 తీసుకుంటే 110 బాకీ.

జనవరి జమ మే దాకా నిలుస్తుందా? లెక్క ముగించే గడువు మధ్యలో వస్తే నిలవదు, డబ్బుగా మారిపోతుంది. అప్పుడు దక్కే ధర, నెలకు 400 యూనిట్లు దాటిన వాడకానికి యూనిట్‌కు కట్టే 9.75 రూపాయలకన్నా బాగా తక్కువ. పైగా నికర వాడకం సున్నా అయినా స్థిర ఛార్జీలు తప్పవు.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. అంత ఖర్చుపెట్టే ప్రభుత్వం మరొక్క పని చేయించాలి. పంపినవి, తీసుకున్నవి, ముందునెల జమ, లెక్క ముగించే గడువు తేదీ: ఈ నాలుగూ ప్రతి బిల్లుపై తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాలి.