2024 జూలై 19 కంప్యూటర్ల స్తంభన

2024 జూలై 19, శుక్రవారము నాడు క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా భద్రతా సాఫ్టువేరు సంస్థ పంపిన ఒక తాజాకరణ ఫైలు వలన ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోయినవి. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము ఇటువంటివి 85 లక్షలు. మొత్తము విండోస్ కంప్యూటర్లలో ఇది 1 శాతము కూడా కాదు. అయితే ఈ సాఫ్టువేరును కొనునవి ప్రధానముగా పెద్ద వ్యాపార సంస్థలు కనుక విమానయానము, బ్యాంకులు, ఆసుపత్రులు దెబ్బతిన్నవి; ఇంటి కంప్యూటర్లకు, చిన్న దుకాణములకు దాదాపు ఏమీ కాలేదు.

హైదరాబాదులో ప్రభావము

శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. హైదరాబాదు నుండి కోల్‌కతా వెళ్ళు ఇండిగో ప్రయాణికుని పాసు చిత్రము దేశమంతటా ప్రచారము పొందినది. ఇండిగో ఆ రోజు దేశవ్యాప్తముగా సుమారు 200 సర్వీసులను రద్దు చేసినది. ప్రభుత్వ ఎన్.ఐ.సి. నెట్‌వర్కుకు ఇబ్బంది కలుగలేదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తెలిపారు. 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థలలో మాత్రమే స్వల్ప అంతరాయము కలిగినదని రిజర్వు బ్యాంకు ప్రకటించినది.

పత్రికలు దీనిని మొదట "మైక్రోసాఫ్టు వైఫల్యము"గా వర్ణించాయి. కొంతవరకు ఇది అర్థము చేసుకొనదగినదే. అంతకు కొన్ని గంటల ముందే అమెరికాలోని ఒక అజూర్ కేంద్రములో వేరొక అంతరాయము మొదలైనది. రెండింటికీ సంబంధము లేదు. క్రౌడ్‌స్ట్రైక్ తాజాకరణయే కారణమని హైదరాబాదులో జన్మించిన మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ళ స్వయముగా తెలుపవలసి వచ్చినది.

లోప సందేశము ఏమి చెప్పినది

నీలితెరపై "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్‌డ్ ఏరియా" అను సంకేతము, దాని క్రింద సీఎస్‌ఏజెంట్ అను డ్రైవరు పేరు కనిపించినవి. సాధారణముగా ఇట్టి సంకేతము చూసినవారు మెమరీ చిప్పునో, నెట్‌వర్కు కార్డు డ్రైవరునో శంకించి వాటిని మార్చి చూచుట పరిపాటి. ఇక్కడ మొదటి పంక్తి కన్న రెండవ పంక్తియే ముఖ్యము: దోషి పేరు అక్కడే ఉన్నది.

డ్రైవరు విండోస్ కేంద్రభాగమైన కెర్నెల్‌లో పనిచేయును. సాధారణ ప్రోగ్రాము చెడిన అది ఒక్కటే మూసుకొనును. కెర్నెల్‌లో చెడిన యంత్రమే నిలిచిపోవును. ఆగస్టు 6న సంస్థ ప్రచురించిన నివేదిక ప్రకారము, పరిశీలన నియమము 21 విలువలను కోరగా ప్రోగ్రాము 20 మాత్రమే అందించినది. అంతకు ముందు పంపిన ఫైళ్ళలో 21వ స్థానము "ఏదైనా సరే" అని ఉండుటచే లోపము బయటపడలేదు. జూలై 19 నాటి ఫైలు ఆ స్థానమును నిజముగా పరిశీలింపబోయి, లేని చోట చదివినది.

మరమ్మత్తు

తప్పు ఫైలు భారత కాలమానము ప్రకారము ఉదయము 9:39కి వెలువడి, 10:57కి ఉపసంహరింపబడినది. నష్టము మాత్రము రోజుల తరబడి సాగినది. యంత్రము మొదలగునప్పుడే డ్రైవరు లోడు అగుటచే, నెట్‌వర్కు ద్వారా సరియైన ఫైలు అందు లోపలే అది మరల కూలిపోవుచుండెను. అందుకే మరల మరల రీస్టార్టు చేయమనియు, వైఫై బదులు తీగ కనెక్షను వాడమనియు సూచించారు. ఆ పందెములో నెట్‌వర్కు గెలిచిన కంప్యూటరు బాగుపడినది. తక్కినవాటిని సేఫ్ మోడులో తెరచి, 291 సంఖ్య గల ఫైలును చేతితో తొలగించవలసి వచ్చినది. డిస్కుకు బిట్‌లాకర్ తాళము ఉన్నచో ముందుగా 48 అంకెల కీ కావలెను. ఆ కీలను భద్రపరచిన సర్వరు కూడా నీలితెరలో ఉన్న సంస్థల అవస్థ వేరుగా చెప్పనక్కరలేదు.

దూరము నుండి చేయలేని పని ఇది. 2016లో ఏర్పడిన నల్గొండ జిల్లా మాడుగులపల్లి వంటి మండల కేంద్రములో ఏదైనా సంస్థ శాఖ కంప్యూటరు ఈ విధముగా ఆగినచో, మిర్యాలగూడ నుండో నల్గొండ నుండో మనిషి రావలసినదే.

తరువాతి పరిణామములు

2009లో ఐరోపా సంఘముతో కుదిరిన అవగాహన వలన ఇతర భద్రతా సంస్థలకు కెర్నెల్ ప్రవేశమును నిరాకరింపలేకపోతున్నామని మైక్రోసాఫ్టు వాదించినది. ఈ వాదన పూర్తిగా ఒప్పదగినది కాదు. కెర్నెల్ బయటి నుండి పనిచేయు సమాన మార్గమును అందరికీ చూపుటకు ఆ అవగాహన అడ్డు కాదు. 2025లో ఆ సంస్థ అటువంటి మార్గమునే భద్రతా సంస్థలకు పరీక్షార్థము విడుదల చేయనారంభించినది. అదే సంవత్సరము నీలితెర నల్లతెరగా మారినది. విచార ముఖము తొలగినది. ఆగిన సంకేతము, దోషి డ్రైవరు పేరు మాత్రము తెరపై నిలిచినవి.