రెండేళ్ల గ్రీన్‌కార్డు: సంతకం ఎవరిది, హక్కు ఎవరిది?

అమెరికా పౌరుడినో, అక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవాడినో పెళ్లాడినవారు ఆ పెళ్లి ఆధారంగా ఆ దేశంలో స్థిరపడడానికి తీసుకునేది వలస వీసా. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆ వీసాతో అమెరికాలో దిగితే చేతికొచ్చే గ్రీన్‌కార్డు పదేళ్లది కాదు, రెండేళ్లది. చట్టం దీన్ని షరతుతో కూడిన శాశ్వత నివాసం అంటుంది. పౌరుల జీవిత భాగస్వాములకు ఇచ్చే వీసాల్లో ఆ తేడా పేరులోనే తెలుస్తుంది. రెండేళ్లు నిండని పెళ్లికి సీఆర్-1, నిండినదానికి ఐఆర్-1. ఇక్కడ లెక్కలోకి వచ్చేది వీసా ముద్ర పడిన తేదీ కాదు, విమానాశ్రయంలో అధికారి లోపలికి అనుమతించిన తేదీ. సీఆర్-1 చేతిలో ఉన్నా, రెండో పెళ్లిరోజు దాటాక దిగితే ఆ మాట అధికారికి చెప్పి ఐఆర్-1 కింద నమోదు చేయించుకోవచ్చు. చెప్పకపోతే రెండేళ్ల తర్వాత అక్కర్లేని దరఖాస్తు, దాని రుసుము, నిరీక్షణ అన్నీ మీద పడతాయి.

శ్రీకాకుళం జిల్లాలో బారువ, సోంపేట, పలాస వైపు పెళ్లి మాటల్లో ‘అమెరికా సంబంధం’ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. ఉద్యోగమేమిటో, జీతమెంతో, ఏ ఊళ్లో ఉంటాడో గుచ్చిగుచ్చి అడిగే పెద్దలు ‘వీసా ఉంది’ అనగానే ఊరుకుంటారు. ఏ వీసా అన్నదే అసలు ప్రశ్న. అబ్బాయి పౌరుడైతే భార్య ‘దగ్గరి బంధువు’ కిందికి వస్తుంది. 1965 చట్టం ప్రకారం ఆమెకు ఏటా ఇన్ని వీసాలేనన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డుదారుడైతే ఎఫ్2ఏ అనే వరుసలో నిలబడాలి, అక్కడ పరిమితి ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాడైతే భార్యకు వచ్చేది హెచ్-4. అది వలస వీసా కానే కాదు, భర్త ఉద్యోగ వీసాకు తోక. తెలుగు ఇళ్ల నుంచి వెళ్లే కోడళ్లలో చాలామంది ఈ మూడో దారినే వెళతారు. భర్తకు ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చినప్పుడు, ఆ నాటికే భార్య అయివుంటే ఆమెకూ పదేళ్ల కార్డే వస్తుంది, షరతు ఉండదు. కానీ ఒక్కో దేశానికి ఏడు శాతమన్న నిబంధన వల్ల భారతీయుల ఉద్యోగ వరుస ఏళ్లకేళ్లు కదలదు.

సీఆర్-1కు మొదటి మెట్టు భర్త వేసే ఐ-130 పిటిషన్. అది ఆమోదం పొందాక కాగితాలు న్యూహ్యాంప్‌షైర్‌లోని జాతీయ వీసా కేంద్రానికి వెళతాయి. అక్కడ డీఎస్-260 ఫారం, భర్త ఆదాయ హామీపత్రం చేరాక ఇంటర్వ్యూ తేదీ ఇస్తారు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నా వలస వీసా ఇంటర్వ్యూ అక్కడ జరగదు, ముంబయి వెళ్లాలి. పలాసలో కోణార్క్ ఎక్కినవారికి రెండు రాత్రుల ప్రయాణం. ముందుగా విశాఖపట్నం పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీసు క్లియరెన్సు, కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గర పరీక్ష పూర్తి కావాలి.

కాగితాల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. జనన ధ్రువపత్రం చాలా ఇళ్లలో ఉండదు, పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల జాబితాయే దిక్కు. అలాంటప్పుడు నమోదు లేదని స్థానిక అధికారి ఇచ్చే పత్రం, దానికి తోడు ఇతర ఆధారాలు చూపాలి. ఇంటిపేరు మరో చిక్కు. బడి రికార్డులో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అదే చివర, పెళ్లి పత్రంలో అత్తింటివారిది. నలుగురు మనుషుల్లా కనిపించే ఈ నాలుగు పేర్లూ ఒక్క అమ్మాయివేనని నిరూపించాలి. గుడిలో జరిగిన పెళ్లికి పురోహితుడి మాట చాలదు, రిజిస్ట్రేషన్ కావాలి. ఉమ్మడి రాష్ట్రం 2002లోనే వివాహాల నిర్బంధ నమోదు చట్టం తెచ్చింది. అయినా వీసా అవసరం పడ్డాకే రిజిస్ట్రేషన్ గుర్తొచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

రెండేళ్ల షరతు 1986 నాటిది. అంతకుముందు ఏడాది అమెరికా వలస విభాగం అధిపతి అలాన్ నెల్సన్ చట్టసభ ముందు, పెళ్లి ఆధారంగా వచ్చే దరఖాస్తుల్లో 30 శాతం దొంగపెళ్లిళ్లేనన్న అనుమానాన్ని పెట్టాడు. ఆ అంకెకు ఆధారమైన సర్వే సరైనది కాదని తర్వాత కోర్టు వ్యవహారాల్లో బయటపడింది. ఈలోగా చట్టం వచ్చేసింది, పోలేదు. దొంగపెళ్లి చేసుకున్నవారికి ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, ఆపై వలస వీసా తలుపులు మూతపడడం ఆ చట్టం శిక్షలు. నిజమైన పెళ్లి చేసుకున్నవారికి మిగిలింది రెండేళ్ల పరీక్ష.

పరీక్ష ఇలా సాగుతుంది. కార్డు గడువు ముగిసే ముందటి 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేయాలి. వేయకపోతే నివాస హోదా దానంతటదే రద్దవుతుంది, దేశం నుంచి పంపించే చర్యలు మొదలవుతాయి. వేశాక వచ్చే రసీదు, నిర్ణయం వచ్చేదాకా కార్డు గడువును పొడిగిస్తుంది. 2023 నుంచి ఆ పొడిగింపు 48 నెలలు. అధికారులు చూసేది కలిసి బతికిన ఆనవాళ్లు. ఇద్దరి పేరిట ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిపి వేసిన పన్ను రిటర్ను, బీమాలో నామినీ, పిల్లల జనన పత్రాలు.

తెలుగు ఇంటికి ఇక్కడొక విచిత్రమైన ఇబ్బంది ఉంది. పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యాలకు కొదవ లేదు. శుభలేఖ, మూడు ఆల్బమ్‌లు, డ్రోన్ వీడియో, వెయ్యిమంది విందు. తర్వాతి కాపురానికే కాగితం పలచన. ఇంటి అద్దె, కారు, క్రెడిట్ కార్డు అన్నీ భర్త పేరిటే నడిచే ఇంట్లో నిఖార్సయిన పెళ్లి కూడా కాగితం మీద అనుమానంగా కనిపిస్తుంది. పుట్టింటివారు పెట్టిన బంగారం ఏ ఐ-751కూ జతపరచగల కాగితం కాదు.

ఇద్దరూ సంతకం చేయాలన్న మాట దగ్గరే ఊళ్లలో ఒక భయం పాతుకుపోయింది. అతను సంతకం పెట్టకపోతే అమ్మాయిని వెనక్కి పంపేస్తారని, కాబట్టి ఎలాగోలా సర్దుకుపోవాలని చెబుతారు. చట్టంలో అలా లేదు. పెళ్లి నిజాయతీగా జరిగి తర్వాత విడాకులతో ముగిసినా, భర్త చనిపోయినా, కొట్టినా, తీవ్రంగా హింసించినా, వెనక్కి పంపితే అసాధారణ కష్టం కలిగేలా ఉన్నా ఆమె ఒక్కతే ఐ-751 వేసుకోవచ్చు. దానికి చివరి 90 రోజులదాకా ఆగనక్కర్లేదు. హింస కారణంగా ఇచ్చే మినహాయింపు 1990లో చేరింది. షరతు పరీక్షించేది పెళ్లి నిజమా కాదా అన్నదాన్నే. అది నిలిచిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చట్టం ఇవ్వని అధికారం భర్త చేతికి వెళుతోంది.

భర్త మొదట్లో సంతకం చేసిన ఆదాయ హామీపత్రం ఐ-864 గురించి ఇంకా తక్కువమందికి తెలుసు. భార్యను ఫెడరల్ పేదరిక ప్రమాణానికి 125 శాతం స్థాయిలో పోషిస్తానన్న ఒప్పందమది. విడాకులతో అది రద్దు కాదు. ఆమె పౌరసత్వం తీసుకోవడం, సామాజిక భద్రత లెక్కలో 40 త్రైమాసికాల పని పూర్తి కావడం, దేశం విడిచి శాశ్వతంగా వెళ్లిపోవడం, ఇద్దరిలో ఒకరు మరణించడం లాంటివి జరిగితేనే తీరుతుంది. అంతవరకూ పోషణ కోసం ఆమె అమెరికా కోర్టుకు వెళ్లవచ్చు.

ఈ వరుసలో చూస్తే హెచ్-4 మీద వెళ్లిన భార్య పరిస్థితే బలహీనం. ఆమె కార్డుకు షరతు లేదు, అసలు కార్డే లేదు. భర్త ఉద్యోగం పోతే, విడాకులిస్తే, ఊరికే వీసా పొడిగించకపోతే ఆమె హోదా కూలిపోతుంది. 2015 నుంచి పనిచేసే అనుమతి వచ్చినా అది ముఖ్యంగా భర్త ఉద్యోగ పిటిషన్ ఐ-140 ఆమోదం పొందినవారికే. హింసకు గురైన భార్య స్వయంగా పిటిషన్ వేసుకునే వీలు 1994 చట్టం కల్పించింది గానీ, అది పౌరుల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకే. పేరులో ‘షరతు’ ఉన్న కార్డుకు చట్టం ఇన్ని తలుపులు పెట్టి, పేరులో ఏ షరతూ లేని వీసాను పూర్తిగా భర్తకే కట్టేసింది. న్యూజెర్సీలో 1985లోనే పుట్టిన మానవి లాంటి దక్షిణాసియా మహిళల సంస్థల అవసరం ఇందుకే తీరలేదు.

విడాకుల మినహాయింపుతో ఐ-751 వేసినవారికి ఇండియాలో ఇంకో ముడి ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో 1980లో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఫిర్యాదు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1991 జులైలో కోర్టు ఆ విడాకుల్ని ఇక్కడ గుర్తించబోమంది. దంపతులు ఏ చట్టం కింద పెళ్లాడారో ఆ చట్టం ఒప్పుకునే కారణంతో, రెండో పక్షం స్వచ్ఛందంగా హాజరై వాదించిన లేదా సమ్మతించిన కోర్టు తీర్పే చెల్లుతుందని చెప్పింది. అంటే భర్త ఏకపక్షంగా తెచ్చుకున్న విడాకులతో ఒకామె అమెరికా లెక్కలో ఒంటరి, ఇక్కడి లెక్కలో భార్యగా మిగిలే వీలుంది.

షరతు పెట్టడం అన్ని దేశాలకూ నచ్చలేదు. కెనడా 2012లో రెండేళ్లు కలిసి ఉండాలన్న నిబంధన తెచ్చి, హింసను భరించేలా చేస్తోందన్న విమర్శల నడుమ 2017లో ఎత్తేసింది. బ్రిటన్ పరీక్ష ఆదాయం మీద. భాగస్వామిని పిలిపించుకోవడానికి ఏడాదికి 18,600 పౌండ్లుగా ఉన్న కనీసాన్ని 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచింది. సోంపేట, పలాసలున్న ఉద్దానం ప్రాంతపు మగవాళ్లు పనికి పోయే గల్ఫ్‌లో పెళ్లికి స్థిరనివాసమన్న మాటే లేదు. యూఏఈలో భార్యను తెచ్చుకోవాలన్నా నెలకు 4,000 దిర్హమ్‌లు, వసతి ఉంటే 3,000 సంపాదించాలి. తాపీపనికి వెళ్లినవాడి జీతం సాధారణంగా అంత ఉండదు. ఈ తీరం నుంచి రంగూన్ ఓడలెక్కిన తరాల భార్యల్లాగే గల్ఫ్ భార్యలూ ఊళ్లోనే ఉంటారు.

ఇక్కడి చట్టాలు వెనకబడే ఉన్నాయి. ఎన్ఆర్ఐ పెళ్లిని 30 రోజుల్లో నమోదు చేయాలన్న బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టినా చట్టం కాలేదు. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలంది. ఈలోగా ఎక్కువగా వినిపించే మోసం ఒకటే. సెలవులకని భార్యను తీసుకొచ్చి, ఆమె కార్డు పట్టుకుని అతనొక్కడే తిరుగు విమానమెక్కడం. కార్డు పోయినా హోదా పోదు. బయటికొచ్చి ఏడాది దాటకపోతే అమెరికా కాన్సులేట్‌లో ఐ-131ఏ దరఖాస్తు పెట్టి, విమానమెక్కడానికి పాస్‌పోర్టులో అతికించే అనుమతిపత్రం తీసుకోవచ్చు. కార్డు నకలు పుట్టింట్లో ఉంటే ఆ పని తేలికవుతుంది.

షరతున్న రెండేళ్లూ పౌరసత్వం లెక్కలో కలుస్తాయి. పౌరుడైన భర్తతో కలిసి ఉంటే గ్రీన్‌కార్డు వచ్చిన మూడేళ్లకు పౌరసత్వానికి అర్హత వస్తుంది. విడిపోతే అది ఐదేళ్లవుతుంది.