గుడిసె కదిలితే ఓటు పోవాలా?

చేబ్రోలు పొలాల్లో, రేపల్లె రొయ్యల చెరువుల గట్ల మీద, ఇటుక బట్టీల పక్కన బతికే మన యానాదోళ్లకి పని ఉన్న చోటే ఊరు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టమేమో "సాధారణ నివాసం" చూపించమంటుంది.

ఇల్లు లేనోళ్లు పడుకునే చోటికి బీఎల్‌వో రాత్రిపూట వచ్చి చూస్తే చాలు, నివాసానికి కాగితం అక్కర్లేదని ఎన్నికల సంఘం నిబంధనే ఉంది. మన గట్ల మీదికి ఎవరొచ్చారు?

సైనికుడికి పోస్టల్ బ్యాలెట్, 85 ఏళ్లు దాటినోళ్లు కోరితే ఇంటికే బ్యాలెట్. న్యాయమే. మరి వలస కూలీకేది? రిమోట్ ఓటింగ్ యంత్రం ఇంకా అమల్లోకి రాలేదు.

పని చేసే చోటే ఓటేసే హక్కు చట్టంలోకి రావాలి. అందాకా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫారం 6 పట్టుకుని గుడిసె గుడిసెకీ పోదాం. జాబితాలో లేనోడి గోడు ఏ నాయకుడూ వినడు.