పలకని బటన్ కారణం చెప్పాలి



ఓ.పి. చీటీ కోసం తెల్లవారుజామునే వచ్చి వరుసలో నిలబడే అవసరం చాలా ఆసుపత్రులలో తగ్గింది. ఫోనులోనో కంప్యూటరులోనో పేరు, వయస్సు, తేదీ నింపి చివర ఒక బటన్ నొక్కితే అపాయింట్‌మెంటు దొరుకుతుంది. అయితే కొన్ని చోట్ల అన్ని గళ్ళూ సరిగా నింపేవరకు ఆ బటన్ వెలిసిపోయి బూడిద రంగులో ఉంటుంది. నొక్కినా పలకదు, ఎందుకు పలకదో చెప్పదు. ఇది చిన్న విషయం కాదని, కొందరికి వైద్యాన్నే దూరం చేస్తుందని మేము భావిస్తున్నాము.

చూపు లేనివారు స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము సహాయంతో తెరమీది మాటలను వింటారు. కంప్యూటరులో ఒక గడి నుండి మరొక గడికి ట్యాబ్ మీటతో వెళతారు. 'డిసేబుల్డ్' అని గుర్తుపెట్టిన బటన్ మీద ట్యాబ్ ఆగదు, దాటిపోతుంది. కనుక అక్కడ బటన్ ఉన్నదనే వారికి తెలియకపోవచ్చు. ఇక శుక్లాలు ముదిరిన పెద్దవారికి తెల్లని తెరమీద బూడిద అక్షరాలు ఆనవు. డబ్ల్యు.సి.ఎ.జి. అనే అంతర్జాతీయ ప్రమాణాలు మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలంటున్నా, పనిచేయని బటన్లకు ఆ నియమం వర్తించదు. నియమం వర్తించకపోయినా ఆ పెద్దవారి ఇబ్బంది తీరదు కదా!

"తప్పుల ఫారాలు రాకుండా ఉండాలనే అలా ఆపుతాం" అని తయారుచేసేవారు అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ కౌంటరులోని సిస్టరు గారు ఫారం చూసి "అమ్మా, ఇక్కడ వయస్సు రాయలేదు" అంటారే గాని, మాట్లాడకుండా కిటికీ మూసివేయరు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. బటన్‌ను ఎప్పుడూ నొక్కగలిగేలా ఉంచాలి. నొక్కినప్పుడు ఏదైనా తక్కువైతే "ఫోను నంబరులో 10 అంకెలు లేవు" అని స్పష్టంగా చెప్పి ఆ గడి దగ్గరికే తీసుకువెళ్ళాలి. తప్పనిసరిగా ఆపవలసి వస్తే 'ఆరియా డిసేబుల్డ్' అనే గుర్తు వాడవచ్చు. అప్పుడు ట్యాబ్ బటన్‌పై ఆగుతుంది, అది ప్రస్తుతం పనిచేయదని స్క్రీన్ రీడర్ చదివి చెబుతుంది. అయితే ఈ గుర్తు ఒక్కటే బటన్‌ను ఆపలేదు, ఆ పనిని ప్రోగ్రాములో విడిగా రాయాలి. కారణం కూడా బటన్ పక్కనే మాటల్లో ఉండాలి.

ఇది దయతో చేసే సాయం కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది.

సంఘంలో సాఫ్ట్‌వేర్ పనిచేసే యువతీయువకులారా, మీ చేతిలోని పేజీని ఒకసారి మౌస్ ముట్టకుండా నింపి చూడండి. కుటుంబ సభ్యులారా, "బటన్ పనిచేయడం లేదు" అని అమ్మమ్మ అంటే ఆమెకు తెలియదనుకోకండి. పక్కన కూర్చుని చూసి, ఆ ఆసుపత్రివారికి తెలియజేయండి. అది సరిదిద్దేవరకు ఫోను ద్వారా, కౌంటరు వద్ద పేరు రాయించుకునే వీలు తప్పక ఉండాలని మా అభిప్రాయం.