గాజులు చేసే చేతులకు పేరు ఎప్పుడు?

కొంతకాలం క్రితం మా బస్తీకి చెందిన ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తి చేసింది. వెండితోనూ, తక్కువ క్యారెట్ల బంగారంతోనూ చిన్న నగలు చేయించి సొంత పేరుతో అమ్మాలని ఆమె కోరిక. "భాయిసాబ్, ఏదైనా ఉద్యోగ పరీక్షకు కూర్చోమని మీరైనా చెప్పండి" అన్నాడు తండ్రి. నేను విశ్రాంత ప్రభుత్వోద్యోగిని గనుక ఆ మాటే చెబుతానని ఆయన నమ్మకం. చెప్పబోయాను కూడా. అంతలో ఆ అమ్మాయి ఒక లక్క గాజు నా ముందుంచి, "చాచా, దీనికి రాళ్లు అతికింది అమ్మీ. దీని మీద అమ్మీ పేరు ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. నా వద్ద జవాబు లేదు.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ మెరుపులు చూడని తెలుగువారు అరుదు. ఆ మెరుపు వెనుక పాతబస్తీ ఇరుకు గదుల శ్రమ ఉంది. లక్కను నిప్పు సెగపై కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరేలోగా రాళ్లు, అద్దపు ముక్కలు ఒక్కొక్కటిగా పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కాని గాజుకు దక్కిన గుర్తింపు గాజు చేసిన స్త్రీకి దక్కలేదు. ఆమె నేటికీ లెక్కకు కూలి తీసుకొనే మనిషే.

ఇది ఒక్క బజారు కథ కాదు. ముస్లిం శ్రామికుల్లో 61 శాతం స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. మన స్త్రీలలో అత్యధికులు ఇంటి నాలుగు గోడల మధ్యే పని చేస్తున్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. మనకు పని లేక కాదు, ఆ పనిపై మనకు యాజమాన్యం లేకనే ఈ పేదరికం. అందుచేత ఆ అమ్మాయి కోరికను నేను హక్కుల ప్రశ్నగానే చూస్తున్నాను.

నగల మోజు ఇస్రాఫ్ కాదా అని కొందరు పెద్దలు అడుగుతారు. పెళ్లిలో పదిమందికి చూపడానికి అప్పు చేసి కొన్న బరువైన హారం దుబారాయే. ఒక ఉపాధ్యాయురాలు తన జీతంతో ఉర్దూలోనో తెలుగులోనో తన పేరు చెక్కించుకున్న చిన్న వెండి లాకెట్ ఆ కోవలోకి రాదు. స్త్రీకి ఇచ్చిన మహర్ ఆమె సొంత ఆస్తి అని మన ధర్మం చెబుతోంది. ఆస్తి ఆమెదైనప్పుడు దాని రూపాన్ని ఎంచుకొనే హక్కూ ఆమెదే. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఈ రోజుల్లో తేలికపాటి నగను గౌరవంగా ధరించే అలవాటు ఆడపిల్లల తండ్రులకు మేలే చేస్తుంది.

అయితే చవక వేరు, నాసి వేరు. 22 క్యారెట్ల నగపై 916 అనీ, 18 క్యారెట్ల నగపై 750 అనీ, 14 క్యారెట్ల నగపై 585 అనీ ఉంటుంది. వెయ్యి పాళ్లలో బంగారం ఎంతో చెప్పే అంకెలవి. మేలిరకం వెండికి 925. బంగారు నగలకు హాల్‌మార్క్ 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఏటా 40 లక్షల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉంది. చట్టం మినహాయించినా మనం మినహాయించుకోరాదు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఒక సూరానే అవతరించిన ఖురాన్‌ను చదివేవాళ్లం మనం. లోహమెంత, రాళ్ల బరువెంత, మజూరీ ఎంత అన్నవి బిల్లులో విడివిడిగా రాసి ఇచ్చే దుకాణమే నిలుస్తుంది. కొనేవాడికి బ్రాండ్ అంటే ఆ నమ్మకమే.

ఇక పెట్టుబడి. కుట్టుమిషన్ల పంపిణీతో సరిపెట్టకుండా, మైనారిటీ ఆర్థిక సంస్థలు డిజైన్ శిక్షణకు, హాల్‌మార్క్ ఖర్చులకు, పేరు నమోదుకు సాయం చేయాలని మనం గట్టిగా అడగాలి. పూచీకత్తు దొరకక ఆగిపోయిన దరఖాస్తులను నేను ఉద్యోగ కాలంలో కళ్లారా చూశాను. ఆ నిబంధన సడలాలి. ప్రభుత్వాన్ని అడుగుతూనే మనం చేయగలిగిందీ ఉంది. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ కలిసే ముదారబా మనకు కొత్త కాదు. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును ప్రవక్త (స) చేతికి అప్పగించి వ్యాపారం చేయించారు. పెళ్లి మంటపాలకు లక్షలు పోసే కుటుంబాలు అందులో కొంత ఇలాంటి పిల్లల వ్యాపారంలో వాటాగా పెట్టలేవా?

ఆ అమ్మాయికి నేను ఒకే షరతు చెప్పాను. "బేటీ, నీ కింద పనిచేసే స్త్రీలకూ పాత కూలే ఇస్తే మారేది బోర్డు మాత్రమే. ప్రతి నగ పెట్టెలో దాన్ని చేసినామె పేరు రాయి. లాభంలో ఆమెకు వాటా ఇవ్వు." ఆమె ఒప్పుకుంది. తండ్రి ఇంకా ఆలోచిస్తున్నాడు. మా ఇంట్లో వచ్చే నికాహ్‌కు ఉంగరాలు ఆమె వద్దే చేయిస్తానని ఆయనకు మాటిచ్చాను. ఇన్‌షా అల్లాహ్, ఆ పెట్టెలో మొదటి పేరు వాళ్ల అమ్మీదే అవుతుంది.