చేతిని తిప్పేది నడుమే



మొన్నటి పీటీఎంలో తొమ్మిదో తరగతి బాబు నాన్నగారు ఒకరు నన్ను అడిగారు: "మేడం, వీళ్లకి ఇంకా గేమ్స్ పీరియడ్ ఎందుకండీ? వచ్చే ఏడు టెన్త్. ఆ నలభై నిమిషాలూ మ్యాథ్స్‌కి ఇవ్వచ్చు కదా!" వెనక క్యూలో ఉన్న ఇద్దరు ముగ్గురు తలూపారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని ఇంటికెళ్లాక అనిపించింది. అందుకే ఈ జవాబు. నేను ఇంగ్లిష్ చెప్పే దాన్ని, పీఈటీని కాను. అయినా కలగజేసుకుంటున్నానంటే కారణం నా నడుమే.

బీఎడ్ అయ్యి ఉద్యోగంలో చేరిన మూడో ఏడాదికే నడుము నొప్పి పట్టుకుంది. ముప్పై కూడా రాకుండానే! పగలంతా నిలబడటం, సాయంత్రం వంగి కట్టలకొద్దీ నోట్‌బుక్స్ దిద్దడం. డాక్టరుగారు వ్యాయామం మొదలుపెట్టమన్నారు. మా కాలనీ పార్కులో పొద్దున్నే ఒక పెద్దాయన తాయ్ చీ నేర్పుతుంటే వెళ్లి చేరాను. చేతులు మెల్లగా గాల్లో తిప్పడమే కదా అనుకున్నాను. మొదటి వారం ఆయన నన్ను చేతులే కదపనివ్వలేదు. "చేతుల్ని వదిలెయ్యమ్మా. బొడ్డు ఎటు తిరిగితే అవీ అటే వస్తాయి" అన్నారు.

తాయ్ చీలో అసలు కిటుకు అదే. నేలని తొక్కిన పాదం నుంచి వచ్చే ఊపు నడుము దాటాకే చేతికి చేరుతుంది. కారుకి స్టీరింగ్ ఎలాగో ఒంటికి నడుము అలాగ. యాంగ్ పద్ధతికి పేరు తెచ్చిన యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) శిష్యులకు చెప్పిన పది ముఖ్య విషయాల్లో నడుమును వదులుగా ఉంచుకోవడం ఒకటి. వదులంటే మన పిల్లలు సోఫాలో ఫోన్ పట్టుకుని జారబడినట్టు కాదు. వీపు నిటారుగానే ఉండాలి, బిగుసుకుపోకూడదు. అంతే.

ఇక్కడ నేను చాలా రోజులు ఒక పొరపాటు చేశాను. నడుము తిప్పమంటే వెన్ను కింది భాగాన్ని మెలిపెట్టేదాన్ని. నొప్పి ఇంకా పెరిగింది. నడుము దగ్గరుండే ఐదు వెన్నుపూసలు ముందుకీ వెనక్కీ బాగానే వంగుతాయి గానీ పక్కకి మెలి తిరగడం చాలా తక్కువ. మనం ఒళ్లు తిప్పినప్పుడు ఎక్కువ మలుపు ఇచ్చేవి కింద తుంటి కీళ్లు, పైన ఛాతీ వెనకున్న పన్నెండు వెన్నుపూసలు. మోకాళ్లు కొంచెం సడలించి, తుంటి దగ్గర నుంచి ఛాతీ దాకా ఒక్కటిగా తిరగాలి. అది తెలిశాకే నాకు సుఖంగా అనిపించింది.

ఇది చైనావాళ్ల సొత్తేమీ కాదు లెండి. మా అమ్మమ్మ తిరగలి తిప్పేటప్పుడు చెయ్యి పిడి మీద ఉండేది, తిరిగేది నడుము. కవ్వంతో మజ్జిగ చిలికినా అంతే. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి కదులుతున్న అమ్మాయిని చూడండి. ఒంటి నడిమి భాగం స్థిరంగా లేకపోతే ఒక్క అడుగు ముందుకి పడదు.

అంత దూరం ఎందుకు, పి.వి. సింధు మన సికింద్రాబాద్‌లోనే, రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ కోర్టుల్లో మెహబూబ్ అలీగారి దగ్గర మొదటి పాఠాలు నేర్చుకుంది. 2016 రియోలో రజతం, ఆ తర్వాత టోక్యోలో కాంస్యం. ఈసారి ఆమె మ్యాచ్ పెట్టుకున్నప్పుడు షటిల్‌ని వదిలేసి నడుముని చూడండి. స్మాష్‌కి ముందు ఒళ్లంతా పక్కకి తిరిగి ఉంటుంది. మొదట తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, భుజం, అన్నిటికంటే చివర చెయ్యి. మనం చప్పట్లు కొట్టేది మాత్రం చేతికి!

ఇక మన పిల్లలు. క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరైనా పిలిస్తే మెడ ఒక్కటే తిప్పుతారు, ఒళ్లు తిరగదు. ఆటో, బెంచీ, ట్యూషన్, ఫోన్... పొద్దుట నుంచి రాత్రి దాకా కూర్చునే. పైగా బ్యాగు ఒక్క భుజానికే తగిలించుకుంటారు. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది. ఒకసారి ఇంట్లో తూచి చూడండి, నేను ఇంకేమీ అనను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలంటుంది. అంటే వారానికి 420. తొమ్మిదో తరగతి టైమ్‌టేబుల్‌లో ఉన్న గేమ్స్ రెండు పీరియడ్లు, 80 నిమిషాలు. అందులోంచి 40 ఇవ్వమని మీరు అడుగుతున్నారు.

నన్నూ తప్పించుకోనివ్వకండి. పోయిన డిసెంబరులో సిలబస్ కాలేదని పీటీ సార్‌ని బతిమాలి ఆయన పీరియడ్ తీసుకుని రిపోర్టెడ్ స్పీచ్ చెప్పాను. పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. చివరి పీరియడ్‌కి సగం మంది బెంచీ మీదకి వాలిపోయారు. మళ్లీ వారం అదే పాఠం మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. ఆటలాడితే మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను, అలాంటి హామీ నా దగ్గర లేదు. పోటీ ఎలా ఉందో, ఫీజులు ఎంత కష్టపడి కడుతున్నారో నాకు తెలుసు. కానీ ఐఐటీ సీటు వచ్చినా ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఈ నడుమే కదండీ.

ఈ ఆదివారం మీ బాబునో పాపనో పక్కన నిలబెట్టుకుని ఒక పని చేయండి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కాస్త సడలించి, చేతులు వేలాడేసి, బొడ్డుని మెల్లగా కుడికి, మెల్లగా ఎడమకి తిప్పండి. మోకాళ్లు లోపలికి పడకూడదు. చేతులు వాటంతటవే ఊగితే సరిగ్గా చేస్తున్నట్టు. రెండు నిమిషాలు చాలు. మీకు ముందే నడుము నొప్పి ఉంటే డాక్టరుని అడిగి చేయండి.

ఆ నాన్నగారు వచ్చే పీటీఎంకి ఒక పావుగంట ముందు వస్తే, రిపోర్ట్ కార్డు చూడక ముందు గ్రౌండ్‌కి తీసుకెళ్తాను. మీ వాడు బంతి ఎలా విసురుతాడో మీరింకా చూడలేదనుకుంటాను, సార్.