వచ్చినవాళ్ళు నిలవాలి: ఓపెన్ సోర్స్ కార్యకర్తల ప్రణాళిక

కోడ్ రాసి, అనువాదాలు చేసి, బగ్గులు వెతికి, చేసినదంతా ఊరికే పదిమందికీ పంచిపెట్టే కొందరం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. మాలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఇంజనీరింగు కాలేజీల్లో చదువుతున్నవాళ్ళున్నారు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు, ఆదివారాలు ఈ పనికి కూచునేవాళ్ళున్నారు. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో స్థిరపడి కూడా, తెలుగు తెరమీద సరిగ్గా కనబడాలన్న పట్టుదల వదలనివాళ్ళున్నారు. జీతం లేని పనికి మనుషులు ఎందుకొస్తారు, వచ్చినవాళ్ళలో కొందరే ఎందుకు నిలుస్తారు అన్నది మాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న. దానికి మేం ఇచ్చుకున్న జవాబు, ఆ జవాబును బట్టి మేం కట్టుబడే నియమాలు ఇవి.

ఏ కారణంతో వచ్చినా రండి. సేవాభావం ఉన్నవాళ్ళే రావాలన్న మాట మేం ఒప్పుకోం. ఈ రంగంలో నిలిచిన పనులు రకరకాల కారణాలతో పుట్టాయి. రిచర్డ్ స్టాల్‌మన్‌ను నడిపించింది ధర్మాగ్రహం. ఎం.ఐ.టి. ల్యాబులో మాటిమాటికీ కాగితం ఇరుక్కునే ప్రింటరును దారిలో పెట్టాలంటే దాని సోర్స్ కోడ్ కావాలి. అడిగితే ఇవ్వలేదు. మనం వాడే యంత్రం లోపల ఏముందో చూసే హక్కు మనకే లేకపోవడం అన్యాయమనుకుని, 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మాత్రం, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది సరదాకి చేస్తున్న పనేనని చెప్పారు. అదే లినక్స్. స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బర్గ్‌కు చాట్‌లో మారకపు రేట్లు చెప్పే బాట్ ఒకటి కావాల్సివచ్చింది. ఆ అవసరంలోంచి ఎదిగిన కర్ల్, నెట్ మీద సమాచారం తెచ్చిపెట్టే పనిముట్టు, ఇవాళ ఫోన్లలో, కార్లలో, టీవీల్లో పనిచేస్తోంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివాళ్ళు. తెరమీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఖరీదు చాలా ఎక్కువ. అందుకని 2006లో ఎన్‌వీడీఏ పని మొదలైంది. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. సొంత ఇబ్బంది తీర్చుకోవడానికి చేసిన పని, చూపులేని తెలుగు విద్యార్థి దాకా వచ్చింది.

కరీం లఖానీ, రాబర్ట్ వుల్ఫ్ అనే పరిశోధకులు 287 ప్రాజెక్టులకు చెందిన 684 మందిని ఈ పనికి ఎందుకొచ్చారని అడిగి, ఫలితాలు 2005లో అచ్చువేశారు. అన్నిటికంటే బలమైన కారణంగా తేలింది, పనిలో ఉన్నప్పుడు ఏదో సృష్టిస్తున్నామన్న ఆనందం. సొంత అవసరం, బుర్రకు పదును, నేర్చుకోవాలన్న తపన కూడా ముందువరసలోనే ఉన్నాయి. వాళ్ళలో దాదాపు 40 శాతం మందికి ఈ పనికి జీతమూ అందుతోంది. జీతం పుచ్చుకుంటే ఇష్టం చచ్చిపోతుందని చాలామంది అనుమానిస్తారు. మాకా అనుమానం లేదు. కంపెనీ జీతం మీద ప్యాచ్ (కోడ్‌కు సవరణ) పంపినవారూ, పరీక్షల మధ్య తీరిక చేసుకుని పంపినవారూ మాకు ఒకే పంక్తి.

మన కాలేజీల నుంచి చాలామంది ఉద్యోగం కోసమే వస్తారు. ఇంటర్వ్యూలో చూపించడానికి గిట్‌హబ్ పేజీలో ఆకుపచ్చ గడులు నిండాలి. ఇందులో తప్పేమీ లేదని మేం గట్టిగా చెబుతున్నాం. అప్పుచేసి ఫీజు కట్టిన ఇంటి పిల్లలకు, పేరున్న కాలేజీ ముద్ర లేని పిల్లలకు, తమ పనితనం నలుగురి కంటా పడే చోటు ఇంతకంటే మంచిది మాకు తెలియదు. కానీ గడులు నింపడమే పని అయితే నష్టం వేరేవాళ్ళకి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పు చేర్చుకోమనే విన్నపాలు) పంపినవాళ్ళకు టీషర్టు ఇస్తామంది. రీడ్‌మీ ఫైల్లో ఒక విశేషణం చేర్చినవీ, ఒక కామా జరిపినవీ లెక్కలేనన్ని వచ్చిపడ్డాయి. మన దేశం నుంచి వెళ్ళినవీ వాటిలో చాలా ఉన్నాయి. మెయింటెయినర్లు, అంటే ఆ ప్రాజెక్టులను చూసుకునేవాళ్ళు, సొంత పని మానుకుని వాటిని ఒక్కొక్కటే మూసుకుంటూ కూచున్నారు. నెల తిరక్కుండానే నిర్వాహకులు నియమం మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. కాబట్టి మేం పెట్టే ఏ శిక్షణ శిబిరంలోనూ ప్యాచ్‌ల సంఖ్యకు బహుమతి ఉండదు. పంపిన ప్రతి వరుసా ఎందుకు రాశారో మీ మాటల్లో చెప్పగలగాలి. ఏఐ చేత రాయించిన కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది.

మనిషి నిలబడతాడా వెళ్ళిపోతాడా అన్నది ఎక్కువసార్లు మొదటి ప్యాచ్‌కు వచ్చిన జవాబు తేలుస్తుంది. అనువాద ఫైలునే తీసుకోండి. పైన ఇంగ్లీషు వాక్యం ఉంటుంది, కింద కొటేషన్ గుర్తుల మధ్య తెలుగు రాయాలి. ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఒక శాతం గుర్తు, దాన్ని అంటిపెట్టుకుని ఎస్ అక్షరం కనిపిస్తాయి. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఫైలు పేరు వచ్చి కూచునే చోటు అది. కొత్తవారు అదేదో పొరపాటున పడిందనుకుని తీసేస్తారు. వాక్యం నున్నగా వస్తుంది కానీ తనిఖీలో తప్పు చూపించి ఆగిపోతుంది. అప్పుడు రివ్యూ చేసేవారు 'నియమాలు చదివి రండి' అని ఒక్క ముక్క రాసి మూసేయవచ్చు. లేదా ఆ గుర్తు చేసే పని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. అలాంటివి రెండుంటే తెలుగులో మాటల వరుస మారుతుంది కనుక వాటికి 1, 2 అని అంకెలెలా వేయాలో చూపించి, మిగతా వాక్యం బాగా కుదిరిందనీ చెప్పవచ్చు. రెండో తీరుకు కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఆ కాస్తసేపు మా పనిలో భాగమని ఒప్పుకుంటున్నాం. కొత్తవారి ప్యాచ్‌కు వారం లోపల ఒక మనిషి చదివి రాసిన జవాబు అందుతుంది. కుదరదంటే ఎందుకు కుదరదో చెబుతాం. తేలికైన బగ్గులను అనుభవమున్నవాళ్ళు చటుక్కున దిద్దేయకుండా కొత్తవాళ్ళకు వదిలిపెడతారు. మాలో ఎవరినీ సార్ అనక్కర్లేదు. పేరు పెట్టి పిలవండి, లేదా అన్నా, అక్కా అనండి.

మాలో చాలామందిని ఇక్కడికి లాక్కొచ్చిన కారణం ఇంకొకటి ఉంది: భాష. కంప్యూటర్లోకి తెలుగు దానంతటది రాలేదు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఇచ్చేశారు. ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు పెట్టుకుని, ఒకచోటి అక్షరాలు మరోచోట చదవడానికి వీల్లేని రోజుల్లో, వెన్న నాగార్జున వాటిని యూనికోడ్‌లోకి మార్చే పద్మ తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. ఇంగ్లీషు కీబోర్డు తప్ప వేరే దారి లేనివాళ్ళకు వీవెన్ లేఖిని ఇచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను కూడగట్టి తెలుగు లినక్స్ తెచ్చింది. వీళ్ళెవరూ అమ్ముకోవడానికి చేయలేదు. వీళ్ళు చేసి ఉండకపోతే మాలో చాలామందికి తెలుగులో టైపు చేయడం అన్న అనుభవమే ఆలస్యంగా వచ్చేది.

2018 ఫిబ్రవరి సంగతి చూడండి. జ్ఞా అన్న అక్షరాన్ని ఒకానొక వరుసలో కూర్చి పంపితే చాలు, ఐఫోన్లో మెసేజీల యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పటిదాకా ఎంతటి తెలుగు ప్రోగ్రామరైనా ఎదురుచూడవలసిందే, ఎందుకంటే ఆ ఫోన్లో అక్షరాలు పేర్చే కోడ్ బయటివాళ్ళ చేతికి అందదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ ఇదే పనికి హార్ఫ్‌బజ్ వాడతాయి. అది ఓపెన్ సోర్స్. మన ఒత్తులు, గుణింతాలు దేనికింద ఏది చేరాలో అందులో ఎలా రాశారో చదువుకోవచ్చు, తప్పు దొరికితే దిద్ది పంపవచ్చు. మన అక్షరం చెడినప్పుడు మన చేతులతో బాగుచేసుకోగలగాలి. మా సమయం పెట్టడానికి మాకు ఈ ఒక్క కారణం చాలు. మేం చేసే ప్రతి పనికీ తెలుగులో వివరం రాస్తాం. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులోనే జవాబిస్తాం.

తీరిక అందరికీ ఒకలా లేదు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్ల మీద 2002లో జరిగిన ఫ్లాస్ సర్వేకు జవాబిచ్చిన రెండువేల ఏడువందల పైచిలుకు మందిలో స్త్రీలు ఒక్క శాతం చిల్లర. ఆడవాళ్ళకు ఆసక్తి లేదనడం అబద్ధం. సాయంత్రం ఏడింటికి సమావేశం పెడితే హాస్టల్ గేటు మూస్తారన్న భయంతో అమ్మాయిలు సగంలో లేచి వెళ్ళాలి. ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లోకి వెళ్ళే మనిషికి రాత్రి పదింటి తర్వాత కోడ్ రాసే ఓపిక ఎక్కడుంటుంది? మా సమావేశాలు శనివారం పగలే జరుగుతాయి, రాలేనివారి కోసం రికార్డు చేసి ఉంచుతాం. గ్నోమ్ ప్రాజెక్టులో మొదలై ఔట్‌రీచీగా ఎదిగిన కార్యక్రమం నేర్చుకునేవాళ్ళకు డబ్బిచ్చి పని చేయిస్తోంది. అది సరైన పద్ధతి. విరాళం వస్తే మేం మొదట ఖర్చుపెట్టేది అలా నేర్చుకునేవాళ్ళకు డబ్బివ్వడం మీదే.

లైసెన్సు రాయకుండా ఏదీ బయటపెట్టం. ఇచ్చినదాన్ని రేపెవరో తాళం వేసుకోరన్న భరోసా లేకపోతే ఎవరూ మనస్ఫూర్తిగా ఇవ్వరు.

ఇక అలసట. దీని గురించి మన సమావేశాల్లో మాట్లాడుకోవడం తక్కువ. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళతరబడి ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకున్నారు. 2022లో ముక్కూమొహం తెలియని పేర్లు కొన్ని ఆయన మీద పడ్డాయి: ఆలస్యం చేస్తున్నారు, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించండి అని. ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. ఆ సమయంలోనే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ హక్కులు పొంది, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వేగం కొలుస్తుంటే రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకో తెలుసుకోకుండా ఉండలేక తవ్వుకుంటూ వెళ్ళారు. 2024 మార్చి 29న విషయం బయటపెట్టారు. వెతకమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కుతూహలం ఎంత విలువైన కారణమో ఇంతకంటే వేరే రుజువు మాకు అక్కర్లేదు. దుర్బుద్ధితో వచ్చినవారికి తలుపు తీసింది మాత్రం ఒంటరి మనిషి అలసట. ఆయనకు తోడుగా నిజమైన మనుషులు ఇద్దరున్నా కథ వేరేగా నడిచేది.

అందుకని మా దగ్గర ఏ ప్రాజెక్టు తాళాలూ ఒక్కరి చేతిలో ఉండవు, కనీసం ముగ్గురి దగ్గర ఉంటాయి. కొత్తవారికి మెయింటెయినర్ హక్కు ఇచ్చేముందు వారితో ఒకసారైనా ముఖాముఖి మాట్లాడతాం. జీతం లేకుండా పనిచేసేవారి మీద గొంతు పెంచినవారు ఎంతటివారైనా ముందు మాతో మాట్లాడాలి. పెళ్ళి, పురుడు, ఉద్యోగం మారడం, ఒంట్లో బాగుండకపోవడం, విసుగు, ఏ కారణమైనా సరే, ఎవరైనా ఎప్పుడైనా పని ఆపవచ్చు. చేతిలో ఉన్నది ఎక్కడిదాకా వచ్చిందో రాసి ఇంకొకరికి అప్పగిస్తే చాలు. వారి పేరు కృతజ్ఞతల ఫైల్లో అలాగే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత తిరిగొస్తామన్నా సంజాయిషీ అడగం, ఏ బగ్‌తో మొదలుపెడతారని అడుగుతాం.